కంచికి వెళ్ళని కథలు

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మన ఇళ్ళల్లో కథ చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. అనగనగా అని మొదలుపెట్టి, కథ కంచికి మనం ఇంటికి అని ముగిస్తాం. ఆ మాట అనగానే కథ అయిపోయినట్టు. దీపం తగ్గించి పిల్లల్ని పడుకోబెట్టేవాళ్ళం. కాని ఏ పిల్లవాడైనా ఆ మాటతో ఊరుకున్నాడా చెప్పండి? "కంచికి వెళ్ళాక ఏమైంది?" అని అడగని పిల్లలు ఉండరు. ఈ రోజుల్లో సినిమాలు తీసేవాళ్ళు ఆ ప్రశ్నను గట్టిగా పట్టుకున్నారు. ఒక బొమ్మల సినిమా బాగా ఆడితే చాలు, దానికి రెండో భాగం, మూడో భాగం, కథ మొదలవక ముందు ఏం జరిగిందో చెప్పే ఇంకో భాగం, ఇలా వస్తూనే ఉన్నాయి. కథలు కంచికి వెళ్ళడం మానేశాయి.

ఇది చిన్న విషయంలే, పిల్లల గొడవలే అని కొట్టిపారేయకండి. ఆ హాలుకి పిల్లల్ని తీసుకెళ్ళేది మనం. టిక్కెట్టుకీ, పాప్‌కార్న్‌కీ, ఆ బొమ్మ అచ్చు వేసిన స్కూలు సంచికీ డబ్బులు లెక్క చూసుకునేది మనం. ఇంటికొచ్చాక వాడి ప్రశ్నలకి జవాబు చెప్పాల్సిందీ మనమే. అందుకని ఇవాళ ఈ రెండో భాగాల ముచ్చట మీతో పంచుకోవాలనుకున్నాను.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్, ఈ మూడు పేటల్లో ఉన్నవాళ్ళకి సినిమా అంటే నడిచి వెళ్ళేంత దూరం. క్రాస్‌రోడ్స్‌లో సంధ్య, సుదర్శన్, దేవి ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉన్నాయి. అందుచేత మా వైపు పిల్లలకి అక్షరాభ్యాసంతోపాటే సినిమా పోస్టరు చదవడం కూడా వచ్చేస్తుంది. ఈ ప్రసంగం కోసం నేను కనపడ్డ పిల్లలనీ, తల్లులనీ, అమ్మమ్మలనీ ఒకటే ప్రశ్న అడిగాను. కూరగాయల బండి దగ్గర, గానసభ మెట్ల మీద, సెంట్రల్ లైబ్రరీ ముందు, ఎక్కడ వీలైతే అక్కడ. "మీరు చూసిన బొమ్మల సినిమాల్లో ఏ రెండో భాగం నచ్చింది, ఏది నచ్చలేదు, ఎందుకు?" ఇంతే ప్రశ్న. వచ్చిన జవాబులు వింటే మీరు ఆశ్చర్యపోతారు. మన పిల్లలు ఒట్టి కాలక్షేపానికి చూడటం లేదు. విమర్శకుల్లా చూస్తున్నారు.

ముందుగా ఒకమాట. రెండో భాగం అనేది అమెరికా వాళ్ళు కనిపెట్టిన వింత కాదు. దాని మీద తగవు మనకి ఏడువందల ఏళ్ళ పైబడి ఉంది. రామాయణం పట్టాభిషేకంతో అయిపోయిందా, ఉత్తరకాండ కూడా ఉందా? తిక్కన సోమయాజి నిర్వచనోత్తర రామాయణం రాశాడు. అంటే పట్టాభిషేకం తరువాతి కథ. ఆయన కూడా రాముడి నిర్యాణం దాకా వెళ్ళలేదు, ముందే ఆపేశాడు. మన కాలంలో విశ్వనాథ సత్యనారాయణగారు రామాయణ కల్పవృక్షాన్ని ఆరు కాండలతో ముగించారు, ఉత్తరకాండ జోలికి పోలేదు. ఇక సినిమాల్లో చూస్తే 1934లో ఒక లవకుశ, 1963లో మళ్ళీ లవకుశ. ఆ 1963 సినిమాకి మన అమ్మలు, అమ్మమ్మలు ఎన్ని చేతిరుమాళ్ళు తడిపారో లెక్కలేదు. అయినా ఈనాటికీ "పట్టాభిషేకంతో ఆపేస్తే ఎంత బావుణ్ణు, ఆ తల్లిని మళ్ళీ అడవికి పంపడం ఎందుకు" అనే ఇల్లాళ్ళు ఎంతోమంది ఉన్నారు. అభిమానుల అభిప్రాయం అంటే ఇదే కదూ? కథ మీద ప్రేమ ఉన్నవాళ్ళే దాని కొనసాగింపు మీద కోప్పడతారు.

అలాగే మాయాబజార్. వ్యాసభారతంలో శశిరేఖ లేదు. మనవాళ్ళు కల్పించుకున్న కథ అది. 1957లో కె.వి. రెడ్డిగారు దాన్ని సినిమాగా తీస్తే, మూలంలో లేదని ఎవరూ నిందించలేదు. ఎందుకంటే అందులో ఘటోత్కచుడు ఘటోత్కచుడిలాగే ఉన్నాడు, కృష్ణుడు కృష్ణుడిలాగే ఉన్నాడు. ఆ సినిమాకి సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావుగారు 2008లో ఘటోత్కచుణ్ణి చిన్నపిల్లవాడిగా బొమ్మల సినిమాలోకి తెచ్చారు. కాబట్టి కథ పెరగడం తప్పుకాదు. ఎలా పెరిగిందన్నదే ప్రశ్న.

ఇక మన ఊరి బొమ్మల గురించి చెప్పుకుందాం. ఛోటా భీమ్ ఎక్కడివాడని పిల్లల్ని అడిగితే ఢోలక్‌పూర్ అంటారు. నిజానికి వాడు మన హైదరాబాదువాడు. రాజీవ్ చిలకగారి గ్రీన్ గోల్డ్ సంస్థ ఇక్కడిదే. 2008లో పోగో చానల్లో మొదలైన ఆ సీరియల్ లడ్డూలు తిని బలం తెచ్చుకునే కుర్రవాణ్ణి దేశమంతా తిప్పింది. 2012లో దమ్యాన్ శాపం కథతో హాలుకొచ్చాడు. 2013లో బాలి సింహాసనం, 2016లో హిమాలయాల సాహసం, 2019లో కుంగ్‌ఫూ ధమాకా. వీటిని రెండో భాగాలనడం కంటే చందమామలో బేతాళ కథలతో పోల్చడం సబబు. పాత సంస్కృత కథలు ఇరవై అయిదే. అవి అయిపోయినా చందమామవారు కొత్తవి కల్పించి దశాబ్దాలపాటు నడిపారు. విక్రమార్కుడు పెరగడు, ముసలివాడు కాడు, చెట్టు దగ్గరికి మళ్ళీ వస్తాడు. భీముడూ అంతే. ఏళ్ళు గడుస్తున్నా వాడు అలాగే ఉంటాడు.

2024లో అదే దమ్యాన్ కథని బొమ్మలు లేకుండా నిజం పిల్లలతో తీశారు. దాని గురించి అడిగితే నారాయణగూడలో మూడో తరగతి చదివే పిల్లవాడు నాతో ఒక మాటన్నాడు: "ఆంటీ, వాడు భీమ్ డ్రెస్ వేసుకున్న అబ్బాయి, భీమ్ కాదు." ఇంతకంటే సూటిగా ఎవరు చెప్పగలరు? గీసిన బొమ్మకి ఒక ప్రాణం ఉంటుంది. దాన్ని మాంసంతో నింపితే ఆ ప్రాణం రాదు. బొమ్మ ముఖంలో ఉన్న ఖాళీని పిల్లవాడు తన ఊహతో నింపుకుంటాడు. నిజం మనిషి ముఖంలో ఆ ఖాళీ ఉండదు.

ఈ భీముడి విషయంలోనే 2020 జూన్‌లో ఒక తమాషా జరిగింది. భీముడు పెద్దవాడై రాకుమారి ఇందుమతిని పెళ్ళి చేసుకున్నాడని ఎక్కడో పుకారు పుట్టింది. అంతే, చుట్కీకి న్యాయం కావాలంటూ దేశమంతటా కుర్రకారు గోల మొదలుపెట్టారు. చిన్నప్పట్నుంచీ లడ్డూలు తెచ్చిపెట్టింది చుట్కీ, పెళ్ళి మాత్రం రాకుమారితోనా అని. సరదాకి అన్నా అందులో చురక ఉంది సుమండీ. చివరికి గ్రీన్ గోల్డ్ వారు, ఈ పాత్రలన్నీ ఇంకా పసిపిల్లలే, పెళ్ళి వార్త నిజం కాదు, వాళ్ళ అమాయకమైన లోకంలోకి ప్రేమలూ పెళ్ళిళ్ళూ తేవద్దని ప్రకటన చేయాల్సివచ్చింది. ఈ సంగతి చెబితే అశోక్‌నగర్‌లో ఒక పెద్దావిడ నవ్వి, "అయితే ఆ పిల్ల ఎప్పటికీ లడ్డూలే తెస్తూ ఉంటుందా?" అన్నారు. నవ్వులాటకే అన్నారు గాని, ఆ ప్రశ్న నన్ను ఆలోచింపజేసింది. కథ ముందుకు సాగితే ఆడపిల్ల కూడా ముందుకు సాగాలి కదా. రెండో భాగంలో కూడా ఆమె పళ్ళెం పట్టుకునే నిలబడితే అది రెండో భాగం కాదు, మొదటిదానికి నకలు.

ఈ విషయంలో ఫ్రోజెన్ సినిమాని మా పేటల ఆడపిల్లలు బాగా మెచ్చుకున్నారు. మొదటిది 2013లో, రెండోది 2019లో వచ్చాయి. రెండోదానికి తెలుగులో ఎల్సాకి నిత్యా మీనన్, చిన్ననాటి ఎల్సాకి మహేష్‌బాబుగారి అమ్మాయి సితార గొంతులిచ్చారు. కథ చివర అక్క అడవిలో ఉండిపోతుంది, చెల్లెలు రాణి అవుతుంది. ఇద్దరు అక్కచెల్లెళ్ళున్న ఒక ఇంట్లో ఇదే పెద్ద తగువైంది. చిన్నదేమో "అక్కని వదిలేసి రాజ్యమెందుకు?" అని ఏడుపు. పెద్దదేమో "ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు, గుర్రమెక్కి వచ్చి పలకరించుకుంటారు" అని సమాధానం. వాళ్ళమ్మ నాతో, "మా అక్క విశాఖపట్నంలో, నేనిక్కడ. మా కథే కదండీ" అన్నది. మంచి రెండో భాగం పిల్లలకి ఒక కథ, తల్లికి ఇంకో కథ చెబుతుందన్నమాట.

ఇక సింహం సంగతి. 1994లో వచ్చిన లయన్ కింగ్ చేత్తో గీసిన బొమ్మల సినిమా. దానికి 1998లో ఒక రెండో భాగం వీడియో క్యాసెట్ల కోసమే తీశారు. ఆ రోజుల్లో డిస్నీ వారు బాగా ఆడిన ఎన్నో సినిమాలకి హాలుకి రాని చవక రెండో భాగాలు తీసి క్యాసెట్లుగా అమ్మేవారు. 1994లో అల్లావుద్దీను కథకి కొనసాగింపుతో ఆ వ్యాపారం మొదలైంది. పేరు చూసి తల్లులు కొన్నారు. అయితే బొమ్మల్లో పస తగ్గిందని అభిమానులు గొణిగారు. 2006లో పిక్సార్ సంస్థని డిస్నీ కొన్నాక, అక్కడినుంచి వచ్చిన పెద్దలు ఈ తరహా క్యాసెట్లు మంచి సినిమాల పేరు చెడగొడుతున్నాయని ఆపించారు. పలచని చారు ఎన్నాళ్ళు పోసినా అతిథి ఒకనాటికి లేచిపోతాడు కదండీ.

2019లో కంప్యూటరు బొమ్మలతో అచ్చం నిజం సింహాల్లా మళ్ళీ అదే కథ వచ్చింది. తెలుగులో సింబాకి నాని, స్కార్‌కి జగపతిబాబు, ముఫాసాకి రవిశంకర్, పుంబా టిమోన్‌లకి బ్రహ్మానందం, అలీ గొంతులిచ్చారు. 2024 డిసెంబరులో ముఫాసా వచ్చింది. ఇది తరువాతి కథ కాదు, వెనకటి కథ. మొదటి కథలో చనిపోయిన తండ్రి సింహం చిన్నప్పుడు వరదలో కొట్టుకుపోయి, అనాథ అయి, ఎలా రాజయ్యాడన్నది. ముఫాసాకి మహేష్‌బాబు గొంతు. సుదర్శన్ హాలంటే ఆయన అభిమానులకి పుట్టిల్లులాంటిది కాబట్టి మా క్రాస్‌రోడ్స్‌లో పిల్లల సినిమాకి పెద్దల సందడి ఎందుకుండదు? కొందరు పిల్లలు మాత్రం "గొంతు వింటుంటే హీరో కనిపిస్తున్నాడు, సింహం కనిపించట్లేదు" అన్నారు. ఇంకొందరు "మన తెలుగు వింటేనే కదా మామ్మకి అర్థమైంది" అన్నారు. రెండూ నిజమే.

ఇక్కడ ఒక ఇంటి సంగతి చెప్పాలి. ఆ తల్లి చెప్పమంటేనే చెబుతున్నాను, పేరు మాత్రం చెప్పను. ఆ ఇంట్లో ఆరేళ్ళ పిల్లవాడికి తాతగారంటే ప్రాణం. రోజూ చెయ్యి పట్టుకుని గుడికి, లైబ్రరీకి తిప్పేవారాయన. కిందటేడు ఆయన పోయారు. పెద్దకర్మ అయ్యాక ఒకరోజు పిల్లవాడు వంటింట్లోకి వచ్చి, "అమ్మా, సెకండ్ పార్ట్‌లో తాతయ్య మళ్ళీ వస్తాడా?" అని అడిగాడట. ఆ తల్లికి గరిటె చేతిలో ఆగిపోయింది. రాడని చెబితే పసివాడి గుండె పగులుతుంది. వస్తాడని చెబితే అబద్ధం.

చూశారా, ఈ రెండో భాగాల అలవాటు ఎక్కడిదాకా వెళ్ళిందో! ఏ కథా ముగియని లోకంలో పెరిగే పిల్లవాడికి, ముగింపు అనేదొకటి ఉంటుందని ఎవరు చెప్పాలి? పూర్వం కథలు ఆ పని చేసేవి. పులి నోట ఆవు పడకుండా తిరిగొచ్చిన కథా ఉంది, వెళ్ళిన కొడుకు తిరిగిరాని కథా ఉంది. రెండూ విని పిల్లలు గట్టిపడేవారు.

ఆ పిల్లవాడికి జవాబు చెప్పింది వాళ్ళ నాయనమ్మగారు. ఆవిడ మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "తాతయ్య మళ్ళీ రాడు నాయనా. కాని నువ్వు చూడని తాతయ్య ఇంకా చాలా ఉన్నాడు. నీ అంత ఉన్నప్పుడు ఏం చేశాడో చెప్పనా?" అన్నారట. తాతగారు చెరువులో ఈత నేర్చుకున్నది, మామిడితోట కాపలావాడికి దొరికిపోయింది, పైచదువుకని మొదటిసారి హైదరాబాదు రైలెక్కింది, రోజుకొకటి చెప్పారు. ఆ ముఫాసా సినిమాలో కూడా అంతే. ముసలి కోతి రఫీకి కూర్చుని, సింబా కూతురు కియారాకి ఆ పిల్ల చూడని తాత కథ చెబుతుంది. పోయినవాళ్ళని బతికించలేం. వాళ్ళ వెనకటి కథ చెప్పగలం. ఇది ఏ స్టూడియో తీయలేని భాగం, ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రమే చెప్పగలిగింది. చెప్పేవాళ్ళు ఉండగానే వినిపించడం మన పని.

మళ్ళీ సినిమాల్లోకి వద్దాం. దేవుళ్ళ బొమ్మల సినిమాల విషయంలో మా పేటల్లో అభిప్రాయాలు మరీ గట్టివి. 2005లో హనుమాన్ వచ్చింది. అంజనాదేవి బిడ్డ పుట్టుక దగ్గర నుంచి సాఫీగా చెప్పిన కథ. పెద్దలూ పిల్లలూ కలిసి చూశారు. 2007లో దానికి కొనసాగింపుగా రిటర్న్ ఆఫ్ హనుమాన్ వచ్చింది. అనురాగ్ కశ్యప్ దర్శకుడు. అందులో హనుమంతుడు మారుతి పేరుతో ఈనాటి బడిపిల్లవాడిగా పుడతాడు. ఈ సినిమా చిన్నప్పుడు చూసిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకి చదువుకుంటున్న ఒక కుర్రవాడు, "మొదటిది మా అమ్మ చూపించింది, రెండోది నేను చూశాను. బళ్ళో నన్ను ఏడిపించేవాళ్ళు. మారుతి నాకే వచ్చాడనుకున్నాను" అన్నాడు. పక్కనే ఉన్న ఇంకొకడు, "దేవుడికి నిక్కరు తొడగడమేమిటి, నాకు నచ్చలేదు" అన్నాడు. ఇద్దరి మాటా విన్నాక నాకనిపించింది, పెద్దలకి గౌరవం కావాలి, పిల్లలకి తోడు కావాలి. కొనసాగింపు సినిమా ఈ రెండింటి మధ్య సన్నని గట్టు మీద నడవాలి.

2025 జూలై 25న మహావతార్ నరసింహ వచ్చింది. అశ్విన్ కుమార్ దర్శకుడు. పెద్ద తారలెవరూ లేని ఈ బొమ్మల సినిమా మూడువందల కోట్ల రూపాయలు దాటి వసూలు చేసిందని పత్రికలు రాశాయి. మనకి ప్రహ్లాదుడు కొత్తవాడా? 1932లో తెలుగు టాకీ పుట్టిందే భక్త ప్రహ్లాదతో. 1967లో రోజారమణి ప్రహ్లాదుడు, ఎస్.వి. రంగారావు హిరణ్యకశిపుడు. ఆ 1967 సినిమా చూసిన బామ్మలూ, మనవలూ కలిసి ఈ బొమ్మల ప్రహ్లాదుణ్ణి చూడటానికి బయలుదేరారు.

దీనికి వరసగా రాబోయే భాగాలు కూడా ముందే ప్రకటించారు. 2027లో పరశురాముడు, 2029లో రఘునందనుడు, 2031లో ద్వారకాధీశుడు, 2033లో గోకులానందుడు, 2035లోనూ 2037లోనూ కల్కి రెండు భాగాలు. ఈ జాబితా చదివి వినిపిస్తే చిక్కడపల్లిలో ఒక బామ్మగారు వేలు ఎత్తారు. "నరసింహుడి తరువాత వామనుడు ఏడమ్మా? ప్రహ్లాదుడి కొడుకు విరోచనుడు, వాడి కొడుకు బలి. అసలు సిసలైన తరువాయి కథ అదే కదా! పోతనగారు ఏడో స్కంధంలో ప్రహ్లాదుణ్ణి, ఎనిమిదో స్కంధంలో వామనుణ్ణి పక్కపక్కనే పెట్టారు" అన్నారు. ఊరుకోలేదావిడ. "ద్వారక ముందు, గోకులం తరువాతా? పిల్లవాడు వెన్న తినకుండానే రాజైపోతాడా?" అన్నారు. ఇంత సూక్ష్మమైన విమర్శ ఏ పత్రికలోనూ నేను చదవలేదు. తీసేవాళ్ళకి వాళ్ళ కారణాలు వాళ్ళకుండవచ్చు. వినేవాళ్ళకి లెక్క తెలుసన్నది మాత్రం వాళ్ళు గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో లెక్క మనం వేసుకుందాం. 2025లో ఒకటో తరగతిలో ఉన్న ఆరేళ్ళ పాప 2037లో ఆఖరి కల్కి చూసేనాటికి పద్ధెనిమిదేళ్ళది అవుతుంది. అంటే ఆ వరస సినిమాలు ఆమె బాల్యం మొత్తాన్ని వెంటాడి వస్తాయి. ఆ పన్నెండేళ్ళలో ఆ పిల్ల మారుతుంది. సినిమా కూడా ఆమెతో పెరుగుతుందా, లేక ఆరేళ్ళ పిల్లకి చెప్పినట్టే చెబుతుందా?

ఈ పని చేసి చూపించింది టాయ్ స్టోరీ. 1995లో మొదటిది, 1999లో రెండోది. ఆ రెండోదాన్ని కూడా ముందు క్యాసెట్టుకే అనుకుని, బాగుందని హాలుకి తెచ్చారు. 2010లో మూడోదానిలో ఆ బొమ్మల యజమాని ఆండీ కాలేజీకి వెళుతూ తన బొమ్మలన్నీ ఒక చిన్నపిల్లకి ఇచ్చేస్తాడు. 1995లో ఆరేళ్ళవాడికి అప్పటికి ఇరవైఒక్క ఏళ్ళు. ఆ సీను దగ్గర పిల్లలకంటే తల్లులే ఎక్కువ ఏడ్చారు. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే మనకి ఆ బాధ చెప్పక్కర్లేదు. పెట్టెలోంచి గుడ్డలు విప్పి బొమ్మలు తీస్తుంటే, ఏది ఏ ఏడు కొన్నామో, అప్పుడు పిల్లలకెన్నేళ్ళో గుర్తొస్తుంది. అక్కడితో ఆపేస్తే సరిపోయేదని చాలామంది అభిమానుల మాట. 2019లో నాలుగోది వచ్చింది, దానికీ ఆస్కార్ వచ్చింది, అయినా ఆ మాట పోలేదు. అయిదోదానికి 2026 జూన్ అని ప్రకటించారు. 2015లో వచ్చిన ఇన్‌సైడ్ అవుట్‌కి 2024లో వచ్చిన రెండో భాగంలో కూడా పాప పదమూడేళ్ళదై, మనసులోకి ఆందోళన అనే కొత్త చుట్టం వస్తుంది. ఎదిగిన ఆడపిల్లలున్న తల్లులు అది తప్పకుండా చూడండి.

ఇన్ని విన్నాక నాకు తోచిన కొలబద్ద కొలువు బొమ్మలదే. ఏటా కొలువులో ఒక కొత్త బొమ్మయినా పెట్టాలంటారు. పాతవి పారేయం, కొత్తది లేకుండా ఊరుకోం. రెండో భాగం కూడా అంతే. పాత పాత్రల స్వభావం చెడకూడదు. కొత్తది ఒకటైనా ఉండాలి. ఆ కొత్తది బజార్లో అమ్మడానికి పెట్టిన బొమ్మ కాకుండా, కథకి కావలసిన బొమ్మ అయ్యుండాలి. ఈ మూడూ ఉంటే పిల్లలు మెచ్చుకుంటున్నారు. లేకపోతే ఇంటర్వెల్లోనే "ఇంటికి వెళదాం" అంటున్నారు.

కొన్ని చిన్న సూచనలు చెప్పి ముగిస్తాను. బొమ్మల సినిమా కదా అని కళ్ళు మూసుకుని తీసుకెళ్ళకండి. 2024 నుంచి సెన్సారు వారు ఏడేళ్ళు, పదమూడేళ్ళు, పదహారేళ్ళు అని వయసుని బట్టి మూడు రకాల యు.ఎ. సర్టిఫికెట్లు ఇస్తున్నారు. పోస్టరు మీద అది చూసుకోండి. స్తంభం పగిలే సీనుకి ఒక పిల్ల చప్పట్లు కొడితే, ఇంకో పిల్ల రాత్రంతా ఉలిక్కిపడుతుంది. మీ పిల్ల ఏ రకమో మీకే తెలుసు. రెండో భాగానికి వెళ్ళేముందు మొదటిది ఇంట్లో అందరూ కలిసి చూడండి. కొత్త సినిమా మొదటి రోజు జనంలోకి పసిపిల్లల్ని తీసుకెళ్ళకండి. 2024 డిసెంబరు 4 రాత్రి మా క్రాస్‌రోడ్స్‌లోనే ఒక పెద్ద సినిమా రెండో భాగం ప్రీమియరుకొచ్చిన జనం తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. నాలుగురోజులు ఆగితే కథ మారిపోదు.

అన్నిటికంటే ముఖ్యమైంది ఇంకొకటి. సినిమా చూసి వచ్చాక, రెండో భాగం ఎప్పుడు వస్తుందని పిల్లవాడు అడిగితే, "నువ్వైతే ఏం తీస్తావు?" అని అడగండి. అన్నం కలుపుతూ వినండి. తప్పులు దిద్దకండి. వాడి కథలో సింహం బస్సెక్కి నారాయణగూడ రావచ్చు, చుట్కీ రాజ్యం ఏలవచ్చు, వామనుడు ముందే రావచ్చు. దానికి టిక్కెట్టు లేదు, ఇంకో మూడేళ్ళు ఎదురుచూడాల్సిన పని లేదు. అది పూర్తయ్యాక, కథ కంచికి మనం ఇంటికి అని వాడిచేతే అనిపించండి. ముగించడం కూడా నేర్చుకోవలసిన విద్యే.

మీ ఇళ్ళల్లో పిల్లలు కట్టిన కథలు ఉంటే ఒక కార్డు ముక్క మీద రాసి పంపండి. వీలైనప్పుడు చదివి వినిపించుకుందాం.

సెలవు.